సాంకేతికత, వ్యాపారం, విశ్వాసం: రోజువారీ ప్రయాణంలో వినదగిన పాడ్‌కాస్టులు చెప్పగలరా?

ఎల్బీనగర్ ప్రయాణికుడు:

అందరికీ నమస్కారం. నేను రోజూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగుతాను. ఇంటి గడప దాటినప్పటి నుంచి ఆఫీసు కుర్చీలో కూర్చునే వరకు లెక్కవేస్తే, పోనూ రానూ రెండున్నర గంటలు పడుతుంది. ఆ రద్దీలో పుస్తకం తెరవడం కుదరదు కనుక ఏడాదిగా పాడ్‌కాస్టుల మీద పడ్డాను. ఫోనులో ఇప్పటికి నలభై దాకా చేరాయి. చెవులకు ఖాళీ లేదు కానీ, శనివారం రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ "ఈ వారం ఏం విన్నారు?" అని అడిగితే తడబడకుండా ఒక్క విషయం చెప్పలేకపోతున్నాను. తప్పు నా జ్ఞాపకశక్తిదో, నేను ఎంచుకున్నవాటిదో తేల్చుకోలేక మీ ముందుకు వచ్చాను.

నాకు కావలసినవి మూడు రంగాలు. మొదటిది సాంకేతికత, ఎందుకంటే పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, నా పనికి అవతల ఏం జరుగుతోందో తెలియడం లేదు. రెండోది వ్యాపారం, మా బావమరిదితో కలిసి కారప్పొడులు, మసాలా పొడులు చేసి అమ్మాలనే ఆలోచన రెండేళ్లుగా నలుగుతోంది. మూడోదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మాది గుంటూరు జిల్లాలో మూడు తరాలుగా లూథరన్ సంఘానికి చెందిన కుటుంబం. మా ఆవిడ పుట్టింటివారు శ్రీవైష్ణవులు. ఏడేళ్ల మా పాప డిసెంబరు నెలలో తెల్లవారుజామున అమ్మమ్మ పక్కన కూర్చుని తిరుప్పావై వింటుంది, అదే వారంలో రాత్రిపూట నాయనమ్మ చెయ్యి పట్టుకుని క్రిస్మస్ కేరల్స్‌కు వెళుతుంది. ఇంతవరకు ఇబ్బంది ఏమీ లేదు. అయితే ఈమధ్య అది అడుగుతున్న ప్రశ్నలకు నా దగ్గర జవాబులు లేవు. నేను పుట్టిన మతం గురించే నాకు అంతంతమాత్రం తెలుసునని ఆ పిల్ల వల్ల బయటపడింది. రెండు విశ్వాసాల గురించీ శ్రద్ధగా, ఎవరినీ తక్కువ చేయకుండా చెప్పే కార్యక్రమాలు కావాలి.

ఇంగ్లీషైనా పరవాలేదు, తెలుగైతే ఇంకా సంతోషం. ఫోన్ల ధరలు చదివి వినిపించేవి, "ఈ అయిదు అలవాట్లతో కోటీశ్వరులు కండి" తరహావి మాత్రం దయచేసి వద్దు. అవి నలభైలో ముప్ఫై వరకు నా దగ్గరే ఉన్నాయి.

తాళంచెవి:

నేను బెంగళూరులో సైబర్ భద్రత రంగంలో పనిచేస్తున్నాను కనుక మొదటి అంశానికే పరిమితమవుతాను. మీరు చెప్పిన మరపు మీ ఒక్కరిదే కాదు. వారం వారం వచ్చే సాంకేతిక వార్తల కార్యక్రమాలు వినే అందరిదీ అదే స్థితి. ఈ వారం విడుదలైన కృత్రిమ మేధ (ఏఐ) మోడల్ గురించి గంటసేపు విన్నది పై వారానికే పాతబడిపోతుంది. కనుక వార్తలను పక్కన పెట్టి, ఒక సంఘటనను మొదటి నుంచి చివరి వరకు విప్పి చెప్పేవాటిని ఎంచుకోండి.

అలాంటివాటిలో నా మొదటి ఓటు బీబీసీ వరల్డ్ సర్వీస్ 2021లో మొదలుపెట్టిన "ద లాజరస్ హైస్ట్"కు. జెఫ్ వైట్, జీన్ లీ అనే ఇద్దరు పాత్రికేయులు చెబుతారు. ఉత్తర కొరియాకు చెందినవారని అమెరికా దర్యాప్తు సంస్థలు ఆరోపించిన హ్యాకర్ల కథ అది. 2014లో సోనీ పిక్చర్స్ మీద జరిగిన దాడితో మొదలై, 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకులో జరిగిన దొంగతనానికి వస్తుంది. ఆ భాగాలు వినడానికి ముందు ఒక సంగతి గమనించండి: ఆ నేరంలో కంప్యూటర్ ఎంత ముఖ్యమో క్యాలెండర్ కూడా అంతే ముఖ్యం. దొంగలు గురువారం రాత్రి పని మొదలుపెట్టారు. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు. ఆ బ్యాంకు డబ్బు ఉన్న న్యూయార్క్ ఫెడరల్ రిజర్వుకు శని, ఆదివారాలు సెలవు. డబ్బు చేరవలసిన ఫిలిప్పీన్స్‌లో సోమవారం చాంద్రమాన సంవత్సరాది సెలవు. ఇలా మూడు దేశాల సెలవులను గొలుసుగా కట్టి అయిదు రోజుల వ్యవధి సంపాదించుకున్నారు.

ఢాకాలో బదిలీల సమాచారాన్ని రాత్రీ పగలూ కాగితం మీద అచ్చువేసే ప్రింటర్ ఒకటి ఉండేది. శుక్రవారం ఉదయం చూస్తే అది పనిచేయడం లేదు. అక్కడి సిబ్బంది మనమందరం అనుకునేదే అనుకున్నారు: ప్రింటర్ కదా, మొరాయించడం మామూలే. నిజానికి దాన్ని ఆపింది దొంగలు పెట్టిన సాఫ్ట్‌వేర్. మొత్తం 35 ఆదేశాలతో దాదాపు 95 కోట్ల డాలర్లు తరలించబోయారు, చివరికి దక్కింది 8.1 కోట్లు. మిగిలినది ఎందుకు ఆగిందంటే, మనీలా ప్రాంతంలో ఆ డబ్బు చేరవలసిన బ్యాంకు శాఖ ఉన్న వీధి పేరు జూపిటర్. ఆంక్షల జాబితాలో ఉన్న ఒక ఓడ పేరు కూడా అదే కావడంతో వ్యవస్థ అనుమానించింది. శ్రీలంకకు పంపిన రెండు కోట్ల డాలర్లు "ఫౌండేషన్" అనే మాటలో అక్షరదోషం వల్ల ఆగిపోయాయి. టెస్టింగ్ చేసేవారికి ఇంతకన్నా మంచి పాఠం ఏ తరగతిలోనూ దొరకదు: దాడి ఆగడానికి కారణం పటిష్ఠమైన రక్షణ కాదు, కాకతాళీయంగా కలిసిన ఒక పేరు.

రెండో విడతలో మన దేశం కూడా వస్తుంది. 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకు నుంచి 94 కోట్ల రూపాయలు పోయిన ఉదంతం అది. అందులో చాలా భాగాన్ని నకిలీ కార్డులతో 28 దేశాల ఏటీఎంలలో కొన్ని గంటల్లోనే తీసేశారు.

ఇది పూర్తయ్యాక జాక్ రైసైడర్ 2017 నుంచి నడుపుతున్న "డార్క్‌నెట్ డైరీస్" వినండి. స్టక్స్‌నెట్, నాట్‌పెట్యా అనే హానికర సాఫ్ట్‌వేర్ల మీద చేసిన భాగాలతో మొదలుపెడితే సరిపోతుంది. అన్నీ ఒకే స్థాయిలో ఉండవు. మొదటి పది నిమిషాల్లో పట్టు దొరకకపోతే మొహమాటపడకుండా వదిలేయండి.

ఓరుగల్లు పత్తి:

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి రాస్తున్నాను. పదకొండేళ్లు ఉద్యోగం చేసి, నాలుగేళ్లుగా చిన్న క్యాటరింగ్ వ్యాపారం నడుపుతున్నాను కాబట్టి మీ మసాలా పొడుల ప్రస్తావన చూసి ఆగలేకపోయాను.

వ్యాపారం గురించి వినదలచుకుంటే ముందుగా అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ వారి "ప్లానెట్ మనీ"లో 2013 నాటి టీషర్టు కథనాలు వినండి. ఆ బృందం ఒక టీషర్టు తయారీని పత్తి చేను నుంచి తొడుక్కునే దాకా వెంబడించింది. మిసిసిపీలో పండిన పత్తి ఇండొనేసియాలో నూలుగా మారి, మగవారి చొక్కాలకు బంగ్లాదేశ్‌లోనూ ఆడవారి చొక్కాలకు కొలంబియాలోనూ కుట్టుపని జరిగి, కంటెయినర్లలో మళ్లీ అమెరికాకు చేరింది. సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించారు. చవకైన చొక్కా వెనక ఎవరి జీతం ఎంత ఉందో ఆ నేపథ్యంలో వింటే మనసు వేరుగా స్పందిస్తుంది. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు పత్తి పండించి వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో అమ్మినవారు. బస్తాలో చెయ్యి పెట్టి, పింజ లాగి, తేమ ఎక్కువగా ఉందంటూ వ్యాపారి ధర తగ్గించడం నేను పక్కన నిలబడి చూశాను. ఆ చెయ్యి అవతల ఏముందో నాకు ముప్ఫై అయిదేళ్ల వయసులో, కారు నడుపుతూ, ఈ కార్యక్రమం విన్నాక తెలిసింది.

రెండోది "అక్వయర్డ్". బెన్ గిల్బర్ట్, డేవిడ్ రోసెన్‌థాల్ 2015లో మొదలుపెట్టారు. ఒక్కొక్క కంపెనీ చరిత్రను మూడు నాలుగు గంటలసేపు చెబుతారు, అంటే మీకు దాదాపు రెండు రోజుల ప్రయాణం. చిప్ కంపెనీలైన ఎన్విడియా, టీఎస్ఎంసీ గురించి అందరూ చెబుతారు. మీరు మాత్రం కాస్ట్‌కో భాగంతో మొదలుపెట్టండి. ఇక్కడ మన తెలుగువారికి శనివారం కాస్ట్‌కోకు వెళ్లడం సంతకు వెళ్లడం లాంటిదే, అయినా ఆ దుకాణం ఎలా బతుకుతోందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. మామూలు సూపర్‌మార్కెట్‌లో ముప్ఫై వేలకు పైగా రకాల సరుకులుంటే అక్కడ సుమారు నాలుగు వేలే ఉంటాయి. ఇతర కంపెనీల సరుకుల మీద 14 శాతం, సొంత బ్రాండు మీద 15 శాతం మించి లాభం వేసుకోకూడదని వారు పెట్టుకున్న నియమం. లాభంలో సింహభాగం కొనుగోలుదారులు ఏటా కట్టే సభ్యత్వ రుసుము నుంచి వస్తుంది. అది విన్న మర్నాడు నేను మా మెనూలోని అరవై రెండు వంటకాల్లో నలభై కొట్టేశాను. మీరు కూడా ఇరవై రకాల పొడులతో మొదలుపెట్టకుండా, నల్లకారం, కందిపొడి లాంటి మూడింటితో ఆగి చూడండి.

కంపెనీలు స్థాపించినవారిని ఇంటర్వ్యూ చేసే, అందరూ సూచించే "హౌ ఐ బిల్ట్ దిస్" విషయంలో నాకు అభ్యంతరం ఉంది. దాన్ని నడిపే గై రాజ్ మంచి శ్రోత, ప్రశ్నించే తీరు కూడా బాగుంటుంది. కానీ అక్కడికి వచ్చేవారందరూ గెలిచినవారే. అప్పుచేసి దుకాణం పెట్టి మూసేసినవాడు ఆ మైకు ముందుకు రాడు. ఇల్లు తనఖా పెట్టి తెగించినవారు విజేతలయ్యారని పది కథలు వరుసగా వింటే, తెగింపే విజయానికి కారణమని మనసు నమ్మేస్తుంది. అలా నమ్మి నేను మొదటి ఏడాదే అవసరానికి రెండింతల పెద్ద వంటగది అద్దెకు తీసుకున్నాను. ఆ కార్యక్రమం చివర ఆయన ప్రతివారినీ "ఇందులో అదృష్టం ఎంత, శ్రమ ఎంత?" అని అడుగుతారు. నన్నడిగితే ముందు ఆ జవాబు విని, మిగిలినది వినాలా వద్దా తేల్చుకోవడం మేలు.

సమయం తక్కువగా ఉన్న రోజుల కోసం టిమ్ హార్ఫర్డ్ బీబీసీకి చేసిన "50 థింగ్స్ దట్ మేడ్ ద మోడర్న్ ఎకానమీ" ఉంచుకోండి. ఒక్కొక్కటి పది నిమిషాల లోపే. కంటెయినర్, బార్‌కోడ్ మీద చెప్పినవి వదలకండి.

పాత రేడియో:

నేను తెనాలిలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీరు మూడోదాని గురించి రాసిన తీరు చూసి జవాబు రాయాలనిపించింది. మిగతా రెండు రంగాల గురించి నాకు తెలియదు.

ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను, కోపగించుకోవద్దు. మీరు ఏ వేగంతో వింటున్నారు? మా అబ్బాయి అన్నింటినీ ఒకటిన్నర రెట్ల వేగంతో వింటాడు. మాటల మధ్య మౌనాన్ని కత్తిరించే సదుపాయం కూడా ఆ ఆప్‌లలో ఉందట. బ్యాంకు దొంగతనం కథను అలా వింటే నష్టం లేదేమో కానీ, ప్రవచనాన్ని అలా వింటే మిగిలేది సమాచారం మాత్రమే. చెప్పేవాడు ఒక పద్యం చదివి ఊరుకున్న ఆ నాలుగు క్షణాల్లోనే వినేవాడు దాన్ని తనకు అన్వయించుకుంటాడు. ఆ క్షణాలను కత్తిరించుకుని, ఏమీ గుర్తుండడం లేదని బాధపడితే ఎలా బాబూ?

మా తరానికి పాడ్‌కాస్ట్ అనే మాట తెలియదు కానీ అనుభవం తెలుసు. 1970లలో ఆదివారం మధ్యాహ్నం విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీగారు రామాయణ, భారతాలు చెప్పేవారు. మా వీధిలో రేడియో ఉన్న ఇళ్లు మూడు. మా ఇంటి అరుగు మీద ఇరవై మంది చేరేవారు. అందులో మస్తాన్ అనే కుట్టుపనివాడు, చర్చి దగ్గర ఉండే ఒక టీచరమ్మ కూడా ఉండేవారు. ఉషశ్రీగారి గొంతులో ఒక విసురు ఉండేది. పండితుడు పాఠం చెబుతున్నట్టు కాక, ఇంటి పెద్ద ఎదురుగా కూర్చుని కథ చెబుతూ మధ్యలో మనల్ని మందలిస్తున్నట్టు ఉండేది. వాల్మీకి అన్నది ఏమిటి, అనని దాన్ని మనం ఎక్కడ కలుపుకున్నాం అని విడదీసి చెప్పేవారు. ఆ రికార్డింగులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. మీ పాపకు అవే మంచివని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ తెలుగు కథ చెప్పే తెలుగు.

ఇక చాగంటి కోటేశ్వరరావుగారు, సామవేదం షణ్ముఖశర్మగారు, గరికిపాటి నరసింహారావుగారు మీకు తెలిసే ఉంటారు. వారి పేర్లు కలిపి చెబుతాం కానీ, ముగ్గురి దారులూ వేరు. భక్తి వైపు నుంచి నెమ్మదిగా చేరాలనుకుంటే చాగంటివారిని, శాస్త్రసంగతి కావాలంటే సామవేదంవారిని, పద్యాన్ని ఈనాటి బతుకుకు తగిలించి చురక వేసేవారు కావాలంటే గరికిపాటివారిని వినండి. ఒకరి నుంచి ఇంకొకరికి రోజుకొకసారి గెంతకండి. ఒక గ్రంథం పూర్తయ్యేదాకా ఒకరి దగ్గరే ఉండండి.

విశ్వాసంతో పాటు విచారణ కూడా కావాలనుకుంటే, మెల్విన్ బ్రాగ్ 1998 నుంచి 2025 వరకు నడిపిన బీబీసీ "ఇన్ అవర్ టైమ్"లో ఉపనిషత్తుల మీద, భగవద్గీత మీద, సెయింట్ పాల్ మీద చేసిన భాగాలున్నాయి. ముగ్గురు ఆచార్యులను కూర్చోబెట్టి ముప్పావు గంటలో విషయం రాబడతారాయన. ఎవరైనా దారి తప్పితే మర్యాదగానే అడ్డుపడి వెనక్కి తీసుకువస్తారు. మన టీవీ చర్చలు చూసినవారికి అది వింతగా అనిపించవచ్చు.

సాగరతీరం:

నేను విశాఖపట్నంలో నర్సును. రాత్రి డ్యూటీ అయ్యాక బస్సులో వింటాను. మీ వైపు కుటుంబం లూథరన్ అన్నారు కాబట్టి క్రైస్తవ కార్యక్రమాల గురించి కొంచెం చెబుతాను, ఆ పెద్దాయన వాటిని నాకు వదిలిపెట్టినట్టున్నారు.

"బైబిల్ ఇన్ ఎ ఇయర్" 2021 జనవరిలో మొదలైంది. ఫాదర్ మైక్ ష్మిట్జ్ అనే అమెరికన్ కథోలిక గురువు రోజుకు ఇరవై, ఇరవై అయిదు నిమిషాల చొప్పున 365 రోజుల్లో బైబిలు అంతా చదివి వినిపిస్తారు. నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ బైబిలులో మూడో గ్రంథమైన లేవీయకాండం దగ్గర ఆగిపోయాను, మూడోసారి దాటాను. కథోలిక బైబిలులో మీ సంఘం వాడే దానికన్నా ఎక్కువ గ్రంథాలు ఉంటాయి, అది తెలిసి వింటే ఆశ్చర్యపోనక్కరలేదు. ఇది కాక, టిమ్ మాకీ, జాన్ కాలిన్స్ నడిపే "బైబిల్‌ప్రాజెక్ట్" ఉంది. ఒకరు హెబ్రీ భాష చదువుకున్న పండితుడు, మరొకరు మనలాగా అడిగేవాడు. "అది నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అని రెండోవారు అనడం వల్లే నాకు అర్థమవుతుంది. వారి బొమ్మల వీడియోలు తెలుగులోనూ ఉన్నాయి, పాపకు చూపించండి.

మీ అమ్మగారికి ఇంగ్లీషు కష్టమైతే, జె. వెర్నన్ మెక్‌గీ అయిదేళ్లలో బైబిలు మొత్తం వివరించేలా రూపొందించిన "త్రూ ద బైబిల్" తెలుగులో కూడా వస్తోంది. మా అమ్మ వంట చేస్తూ వింటుంది. మధ్యలో కుక్కర్ కూత వేస్తే వెనక్కి తిప్పమని నన్ను పిలుస్తుంది.

రెండు విశ్వాసాల ఇల్లు అన్నారు కనుక క్రిస్టా టిప్పెట్ "ఆన్ బీయింగ్" కూడా చెప్పాలి. శాస్త్రవేత్త వచ్చినా కవి వచ్చినా, "మీ బాల్యంలో ఇంట్లో మతం, ఆధ్యాత్మికత ఎలా ఉండేవి?" అనే అర్థం వచ్చే ప్రశ్నతో ఆమె తరచుగా మొదలుపెడతారు. ఇరవై ఏళ్ల తర్వాత మీ పాపను ఎవరైనా అదే అడిగితే ఏం చెబుతుందో మరి!

ఎల్బీనగర్ ప్రయాణికుడు:

నలుగురికీ ధన్యవాదాలు. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే విని రాయాలనుకున్నాను.

పాత రేడియోగారూ, మీ ఊహ నిజం. నేను వింటున్నది 1.8 రెట్ల వేగంతో. ఆ రాత్రే మామూలు వేగానికి తెచ్చాను. మొదటి రెండు రోజులు అందరూ మందు మింగి మాట్లాడుతున్నట్టు అనిపించింది, తర్వాత అలవాటైంది. నలభైలో ముప్ఫై నాలుగింటిని తీసేశాను. ఉదయం సాంకేతికతో వ్యాపారమో ఏదో ఒకటి, సాయంత్రం వచ్చేటప్పుడు ప్రవచనమో బైబిలో వింటున్నాను. బంగ్లాదేశ్ బ్యాంకు కథ ముగిసింది. మా ఆఫీసులో ప్రింటర్ పనిచేయకపోతే ఇప్పుడు నేనొక్కడినే కంగారుపడుతున్నాను. కాస్ట్‌కో భాగాన్ని మా బావమరిదికి కూడా వినిపించాను. పొడుల జాబితా పదిహేడు నుంచి నాలుగుకు దిగింది. గోంగూర పొడి ఉండాలా వద్దా అనే దాని మీద మాత్రం ఇంకా గొడవ సాగుతోంది.

ఒక లోటు మాత్రం మిగిలింది. సాంకేతికత మీద, వ్యాపారం మీద మీరు చెప్పినవాటిలో తెలుగువి ఒక్కటీ లేవు. ఆ పత్తి కథలాంటిది మన మిర్చి మీద ఎవరైనా చేశారా? గుంటూరు మిర్చి యార్డు మా సొంతూరి ఇంటికి అరగంట దూరం, అయినా అక్కడ ధర ఎలా తేలుతుందో నాకు తెలియదు.

ఓరుగల్లు పత్తి:

నాకు తెలిసినంతలో ఆ స్థాయిలో, ఆ ఖర్చుతో తెలుగులో చేసినవి లేవు. మనవాళ్లలో ఎక్కువమంది కెమెరా ముందు ఇద్దరిని కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడించడాన్నే పాడ్‌కాస్ట్ అంటున్నారు. యార్డుకు వెళ్లి, హమాలీతో, కమీషన్ ఏజెంటుతో, రైతుతో మాట్లాడి, ఆ చప్పుళ్లు రికార్డు చేసి కథగా అల్లడానికి నెల పడుతుంది. అయితే తెలుగులో ఒక విషయాన్ని తవ్వి, ఒక్కరే గంటసేపు చెప్పగలరనడానికి కౌముది అనే ఇంటర్నెట్ మాసపత్రిక సంపాదకులు కిరణ్ ప్రభగారి టాక్ షోలు ఉన్నాయి. జీవితచరిత్రలు, చారిత్రక సంఘటనలు ఎక్కువ. సాహిత్యానికైతే "హర్షణీయం" ఉంది. మీ యార్డు కథ మీరే చేయవచ్చు కదా, ఎలాగూ మిర్చి కొనడానికి వెళ్లవలసినవారే!

ఎల్బీనగర్ ప్రయాణికుడు:

ముందు పొడి చేయనివ్వండి, తర్వాత చూద్దాం. పాత రేడియోగారూ, ఉషశ్రీగారి రామాయణం దొరికింది. పాపకు హనుమంతుడంటే ఇష్టం కనుక సుందరకాండతో మొదలుపెట్టవచ్చా?

పాత రేడియో:

వద్దు బాబూ, బాలకాండ నుంచే మొదలుపెట్టండి. హనుమంతుడు రావడానికి కిష్కింధ దాకా ఆగాలని ముందే చెప్పేయండి. ఎదురుచూడటం పిల్లలకు రాదని మనం అనుకుంటాం కానీ, మా అరుగు మీద వారం వారం కూర్చున్నవారిలో సగం మంది పిల్లలే. రోజుకు ఒక్క భాగమే పెట్టండి, ఫోను మాత్రం పాప చేతికి ఇవ్వకండి.